మిరియానికి దగ్గర, చింతపండుకు దూరం: చిత్తూరు వంటతో మోర్గోన్ వైన్

రెడ్ వైన్ మన భోజనానికి పనికిరాదని తీర్పు చెప్పేవాళ్లలో చాలామంది దాన్ని సరిపడని కూరతో, సరిపడని వేడిలో తాగినవాళ్లే. ఏప్రిల్ ఎండలకు కాగిన గదిలో రోజుల తరబడి నిలబెట్టిన సీసా తెరిచి, పక్కన చింతపండు బాగా పిండిన చేపల పులుసు పెట్టుకుంటే ఏ దేశపు వైన్ అయినా ఓడిపోతుంది. ఆ ఓటమిని వైన్ మీదో, మన వంట మీదో వేయడం నాకు నచ్చదు. ఫ్రాన్స్‌లోని బోజోలే ప్రాంతం నుంచి వచ్చే మోర్గోన్ అనే రెడ్ వైన్‌ను ఈ సంక్రాంతి రోజుల్లో చిత్తూరులో మా ఇంటి వంటలతో కలిపి చూశాను. ఏది కుదిరింది, ఏది కుదరలేదు, ఎందుకు అన్నదే ఈ సమీక్ష.

నా ఉద్యోగం మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ప్రయోగశాలలో. తోతాపురి గుజ్జులో బ్రిక్స్ (తీపి లెక్క) ఎంత, పులుపు ఎంత అని కాయల కాలమంతా కొలుస్తూ ఉంటాను. అందువల్ల నోట్లో పడ్డ ప్రతిదానిలోనూ ముందు పులుపు, తర్వాత తీపి, ఆ తర్వాతే మిగతా రుచి వెతికే అలవాటు పడిపోయింది. వైన్ పండితులు రాసే కవిత్వం నాకు రాదు. కానీ పులుపు గురించి మాట్లాడమంటే ఎంతసేపైనా మాట్లాడగలను, ఈ వైన్ విషయంలో అదే అక్కరకు వచ్చింది.

సీసాలు తెచ్చింది ఫ్రాన్స్‌లోని లియాన్ నగరంలో ఇంజనీరుగా పనిచేసే మా తమ్ముడు. విదేశం నుంచి వచ్చేవాళ్లు సుంకం లేకుండా తెచ్చుకోగలిగే మద్యం రెండు లీటర్లు. అంటే 750 మిల్లీలీటర్ల సీసాలు రెండు పడతాయి, మూడోది పట్టదు. ఒకటి మోర్గోన్, ఇంకొకటి అదే బోజోలేలోని మరో రెడ్ వైన్, బ్రూయీ. సామానంతా మా ఇంట్లో దించాకే వాడు కొండకు బయలుదేరాడు. తిరుమలలో మద్యమూ మాంసమూ నిషిద్ధం, అలిపిరి దగ్గర వాహనాలన్నీ తనిఖీ చేస్తారు. మా అత్తగారి షరతు అంతకంటే గట్టిది: దర్శనం అయి, భోగి, సంక్రాంతి దాటి, కనుమ వచ్చేదాకా మూత తీయకూడదు. కనుమ అంటే మా ఇంట్లో మాంసం వండే రోజు కనుక షరతు నాకు అనుకూలంగానే కుదిరింది.

బోజోలే అంటే లియాన్‌కు ఉత్తరాన ఉన్న కొండల ప్రాంతం. అక్కడ రెడ్ వైన్‌కు పండించే ద్రాక్ష దాదాపుగా ఒకటే, దాని పేరు గామే. ఈ ద్రాక్ష కథ నాకు బాగా నచ్చింది. బోజోలేకు ఉత్తరాన ఉన్న బుర్గుండీ ప్రాంతాన్ని ఏలిన డ్యూక్ ఫిలిప్ 1395లో దీన్ని చెడ్డ మొక్క, నమ్మదగని మొక్క అని తిట్టి, తన నేలలోంచి పీకి పారేయమని ఆజ్ఞ జారీ చేశాడు. కాపు విరగకాస్తుంది, వైన్ మాత్రం నాసిరకంగా వస్తుంది అన్నది అతని ఫిర్యాదు. అతను నెత్తిన పెట్టుకున్నది పినో నువార్ అనే ద్రాక్షను. తమాషా ఏమిటంటే గామే ఆ పినో నువార్ సంతానమే. పినోకూ, గూయే బ్లాన్ అనే తెల్ల ద్రాక్షకూ సహజంగా కలిగిన సంకరమని జన్యు పరీక్షల్లో తేలింది. ఆస్తిలో వాటా లేదని వెళ్లగొట్టిన బిడ్డ దక్షిణాన గ్రానైట్ కొండలెక్కి అక్కడ నిలదొక్కుకుంది. సారం తక్కువైన ఆ నేలలో కాపు తగ్గుతుంది, రుచి చిక్కబడుతుంది. కుప్పం వైపు గ్రానైట్ క్వారీల పక్కన చెట్లు ఎలా బతుకుతాయో చూసినవాళ్లకు ఇది వివరించి చెప్పనక్కరలేదు.

ఆ కొండల్లో పది చోట్లకు మాత్రం తమ పేరుతోనే వైన్ అమ్ముకునే హక్కు ఉంది. మోర్గోన్‌కు అది 1936లోనే దక్కింది. పదోదైన రేనియే 1988లో చేరింది. అందుకే సీసా మీద మోర్గోన్ అన్న పేరే పెద్దగా ఉంటుంది, బోజోలే అన్న మాట కోసం వెతుక్కోవాలి. కొనేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. ఎందుకంటే బోజోలే అనగానే ఎక్కువమందికి తెలిసింది నవంబరు మూడో గురువారం ప్రపంచమంతటా ఒకేరోజు విడుదల చేసే కొత్త వైన్, బోజోలే నూవో. ద్రాక్ష కోసిన కొన్ని వారాలకే అది సీసాల్లోకి ఎక్కుతుంది. దానికి అరటిపండు వాసన, బబుల్ గమ్ వాసన వస్తాయి. ఐసోఅమైల్ ఎసిటేట్ అనే, పండు వాసన ఇచ్చే రసాయనం అది, ఆహార ప్రయోగశాలల్లో పనిచేసిన ఎవరైనా కళ్లు మూసుకుని పసిగడతారు. ఆ సంబరం వల్ల అమ్మకాలు పెరిగాయి గానీ, ఆ ప్రాంతపు వైన్ అంతా పిల్లల శరబత్తు అనే చెడ్డపేరు కూడా వచ్చింది. మోర్గోన్ సహా ఆ పది పేర్ల వైన్లను నూవోగా అమ్మడానికి అనుమతి లేదు. అది మంచి కట్టుబాటు.

తయారీ పద్ధతిలో ఒక విశేషం ఉంది. ద్రాక్షను నలగ్గొట్టకుండా గుత్తులు గుత్తులుగానే తొట్టిలో నింపుతారు. అందుకే చేత్తో కోయాలి, గుత్తి చెదరకూడదు. అడుగునున్న కాయలు పై బరువుకు నలిగి పులియడం మొదలుపెడతాయి. ఆ పులియబెట్టులో పుట్టిన కార్బన్ డయాక్సైడ్ తొట్టి నిండా ఆవరిస్తుంది. గాలి ఆడని ఆ స్థితిలో పైనున్న కాయలు పగలకుండానే లోలోపల పులుస్తాయి. తొక్కలోని రంగు, పండు వాసన రసంలోకి దిగుతాయి, వగరు మాత్రం తక్కువగా దిగుతుంది. ఆ తక్కువ వగరే మన కారపు వంటకు ప్రాణం. కారం నాలుకను మండిస్తుంటే దాని మీద వగరు వైన్ పోస్తే ఆ మంట గరుకుగా మారి రెట్టింపవుతుంది. ఫ్రాన్స్‌లోనే బోర్డో ప్రాంతపు రకం చిక్కటి వైన్లు మన మాంసం కూరల దగ్గర చేదెక్కేది ఇందుకే.

ఇక మా సీసా. 2022 పంట, ఫ్రాన్స్‌లో వేసవి మండిపోయిన సంవత్సరం. మోర్గోన్‌లో పేరున్న కోట్ దు పీ అనే గుట్ట మీది తోటది. ఆల్కహాల్ 13.5 శాతం. కార్క్ స్క్రూ కూడా తమ్ముడే తెచ్చాడు, లేకపోతే చిత్తూరులో దాని కోసం తిరగాల్సి వచ్చేది. తెరవడానికి ముందు ఫ్రిజ్‌లో పెట్టాను. రెడ్ వైన్‌ను గది వేడిమిలోనే తాగాలని ఎక్కడో చదివి మావారు అడ్డుపడ్డారు. ఆ మాట పుట్టింది చలిదేశపు రాతి ఇళ్ల గదుల గురించి. మన గదిలో జనవరి మధ్యాహ్నం కూడా ముప్పై డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. అంత వేడిలో ఆల్కహాల్ ముక్కులోకి కొడుతుంది, పండు వాసన వెనక్కి పోతుంది. నా థర్మామీటర్ 14 డిగ్రీలు చూపించాక గ్లాసుల్లో పోశాను. ఈ వైన్‌కు అదే సరైన చోటు, రెండు డిగ్రీలు అటూ ఇటూ అయినా పరవాలేదు.

స్టీలు గ్లాసులో పోసుకోకండి. లోహం వల్ల రుచి పాడవుతుందని కాదు, నిండుగా పోసుకునే అలవాటు వల్ల వాసనకు చోటు మిగలదు. మామూలు గాజు గ్లాసులో మూడో వంతు పోసుకుంటే చాలు. లియాన్‌లోని బూషోన్లు అనే చిన్న భోజనశాలల్లో కూడా కాళ్లున్న నాజూకు గ్లాసుల పట్టింపు లేదట. అడుగు మందంగా ఉండే 46 సెంటీలీటర్ల సీసాలో వైన్ తెచ్చి బల్ల మీద పెడతారట. ఆ ఊరికి రోన్, సోన్ అని రెండు నదులు ఉన్నాయి. మూడో నది బోజోలే అని అక్కడివాళ్లు చమత్కరిస్తారు.

రంగు అల్లనేరేడు రసం రంగు. ముక్కు దగ్గర పెట్టుకుంటే ముందు చెర్రీ, ఆ వెనక నేరేడు, ఇంకాస్త ఆగితే తడిసిన రాతి వాసన. అరటిపండు వాసన లేశమైనా లేదు. నాలుక మీద పులుపు చురుగ్గా ఉంది, తీపి ఏమీ లేదు, వగరు చివర్లో సన్నగా పలకరించి పోయింది. అరగంట గాలి తగిలాక మిరియపు ఘాటు లాంటిదేదో బయటికి వచ్చింది. బ్రిక్స్ చూద్దామా అని తమ్ముడు నవ్వాడు. ఆల్కహాల్ కలిసిన ద్రవంలో బ్రిక్స్ కొలిచే రిఫ్రాక్టోమీటర్ తప్పు అంకె చూపిస్తుంది, పులుపు కొలవడానికి వేసే ఫినాల్ఫ్తలీన్ గులాబీ రంగు రెడ్ వైన్ రంగులో కనిపించదు. పీహెచ్ మీటర్ ఉండాలి. అది ఫ్యాక్టరీలో ఉంది, ఫ్యాక్టరీలోకి మద్యం తీసుకెళ్లకూడదు.

మొదటి పళ్లెం ఉప్పుకండం. పొట్టేలు మాంసాన్ని పొడుగు పీలికలుగా కోసి, ఉప్పు, పసుపు, కారం పట్టించి, దండెం మీద ఎండబెట్టి, నూనెలో వేయించేది. లియాన్‌లో ఈ వైన్ పక్కన ఎండబెట్టిన పంది మాంసపు సాసేజి ముక్కలు పెడతారు. ఉప్పు, కొవ్వు, ఎండిన మాంసపు గాఢత అక్కడా ఇక్కడా ఉన్నవే. ఉప్పు తగలగానే వైన్‌లోని పండు రుచి ముందుకు వచ్చింది, కొవ్వును వైన్ పులుపు కడిగేసింది. కారం మాత్రం సగానికి తగ్గించి వేయించమని ముందే చెప్పాను. నిండు కారంతో అయితే ఆల్కహాల్ ఆ మంటను ఎగదోస్తుంది, అది ఏ వైన్‌తోనైనా తప్పదు.

తర్వాత నాటుకోడి రెండు రకాలుగా వండించాను. ఒకటి మిరియాలు, వెల్లుల్లి, కరివేపాకు వేసిన వేపుడు. రెండోది మావారి పట్టుదల మీద చింతపండు పులుసు. వేపుడుతో మోర్గోన్ ఎంత కలిసిపోయిందంటే, ముక్క నమిలాక వైన్ తాగితే మిరియం ఎక్కడ ఆగిందో వైన్ ఎక్కడ మొదలైందో తెలియలేదు. ఎండుమిరప మంట వేరు, మిరియపు వేడి వేరు. మిరియం వేడి ముక్కు దాకా వెళ్లి త్వరగా దిగిపోతుంది, నాలుకను మొద్దుబార్చదు. లియాన్‌కు ఈశాన్యాన బ్రెస్ అనే ప్రాంతం ఉంది, అక్కడి కోడికి 1957 నుంచే ప్రాంతపు పేరు మీద రక్షణ ఉంది. అలాంటి కోడిని తినే ఊరివాళ్లు ఈ వైన్‌ను అలవాటు చేసుకున్నారు కనుక, పెరట్లో తిరిగిన గట్టి కండ కోడితో ఇది కుదరడంలో ఆశ్చర్యం లేదు.

పులుసుతో మాత్రం చప్పగా చచ్చిపోయింది. కారణం ఇది. ద్రాక్షలో ప్రధానమైన పులుపు టార్టారిక్ ఆమ్లం. పండ్లలో అది పెద్ద మోతాదులో ఉండేవి చాలా తక్కువ. అలాంటివాటిలో ద్రాక్ష ఒకటి, మన చింతపండు ఇంకొకటి. చింతపండులో అది ద్రాక్షలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. కూర పులుపు వైన్ పులుపును మించితే వైన్ పలుచబడి రంగునీళ్లలా తోస్తుంది. టమాటా పులుపు అంత దౌర్జన్యం చేయదు. మదనపల్లె టమాటాలతో వండిన కూరలన్నీ ఈ వైన్‌తో పరవాలేదనిపించాయి. టమాటాలో ఉన్నది ఎక్కువగా సిట్రిక్ ఆమ్లం, ఉడికించాక దానికి టమాటా తీపి తోడవుతుంది. మావారు పులుసుతో రెండు గుక్కలు తాగి, ఇది చెర్రీ కషాయమని తేల్చి, తన విస్కీ దగ్గరికి వెళ్లిపోయారు. వేపుడు ముక్క పెట్టి మళ్లీ తాగమంటే రాలేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఈ వైన్‌కు మా జిల్లాలో సరిజోడు మాంసం కాదు, పితికిన పప్పు. తెలియనివాళ్ల కోసం చెబుతాను: చలికాలంలో సంతల్లో పచ్చి అనపకాయలు వస్తాయి, సొరకాయ కాదు, చిక్కుడు జాతి కాయలు. గింజలు ఒలిచి, నీళ్లలో నానబెట్టి, ఒక్కొక్క గింజనూ వేళ్ల మధ్య నొక్కితే తొక్క ఊడి పప్పు జారుతుంది. ఇంటిల్లిపాదీ కూర్చుని పితికితే గానీ ఒక పూట కూరకు సరిపడదు. కొబ్బరి, ధనియాలు, గసగసాలు, లవంగం, చెక్క, అల్లం, వెల్లుల్లి నూరి, ఉల్లిపాయ, టమాటాతో వండుతారు. మా అత్తగారు అందులో చింతపండు వేయరు. పక్కన రాగి సంగటి ముద్ద, నెయ్యి.

పప్పులో మట్టి వాసన లాంటి పచ్చిదనం ఒకటి ఉంటుంది, అనపకాయ తిన్నవాళ్లకు తెలుసు. వైన్‌లో ఆ తడి రాతి వాసన దాన్ని పట్టుకుంది. కొబ్బరి, గసగసాల మెత్తదనం వైన్‌లోని సన్నని వగరును కూడా కప్పేసింది. లవంగం, చెక్క వైన్‌లోని చెర్రీని పైకి లాగాయి. రాగి సంగటికి సొంతంగా రుచి తక్కువ, కాని ప్రతి ముద్ద తర్వాత నోరు శుభ్రపడుతుంది, మళ్లీ గుక్క కొత్తగా ఉంటుంది. మా తమ్ముడు లియాన్‌లో ఈ వైన్‌ను ఎన్నిటితో తాగాడో గాని, “అక్కా, అక్కడ ఇంత బాగా కుదరలేదే” అన్నాడు. వైన్ వాసన చూడటానికి కూడా ఒప్పుకోని అత్తగారు, తన కూరకు ఫ్రాన్స్ నుంచి జోడు వచ్చిందంటే మాత్రం ఇంకో గరిటె వడ్డించారు.

మిగిలినవి త్వరగా చెప్పేస్తాను. ఉప్పు వేసి వేయించిన వేరుశనగలు భేషుగ్గా కుదిరాయి, చౌక కూడా. పుట్టగొడుగుల మిరియాల వేపుడు శాకాహారులకు నా మొదటి సిఫారసు. నిప్పుల మీద కాల్చిన వంకాయ పచ్చడి, చింతపండు లేకుండా చేస్తే, బాగుంది. ఆవకాయతో వద్దు, మామిడికాయ పప్పుతో అసలే వద్దు. అరిసెలతో తాగితే బెల్లం తీపి ముందు వైన్ పుల్లనీళ్లవుతుంది. పెరుగన్నం దగ్గర గ్లాసు పక్కన పెట్టేయడం మర్యాద.

సగం మిగిలిన సీసాకు కార్క్ బిగించి ఫ్రిజ్‌లో పెడితే మర్నాడు పండు రుచి కొంచెం తగ్గి మిరియపు రుచి పెరిగింది, నాకు అదీ నచ్చింది. ఆ తర్వాత పదును పోయింది, కనుక రెండో రోజుకు ముగించడం మేలు. చివరి గ్లాసులో పంచదార పలుకుల్లాంటివి కనిపించాయి. గాజు ముక్కలేమోనని అత్తగారు కంగారుపడ్డారు. అవి కూడా టార్టారిక్ ఆమ్లం చేసే పనే, చల్లదనానికి పొటాషియంతో కలిసి స్ఫటికాలుగా దిగుతుంది. తాగినా ప్రమాదం లేదు.

బ్రూయీ సీసా గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. మోర్గోన్ కంటే తేలిక, పండు ఎక్కువ, లోతు తక్కువ. బాగా చల్లబరిచి సాయంత్రం మిద్దె మీద వేరుశనగలతో తాగడానికి హాయిగా ఉంటుంది. పితికిన పప్పు ముందు నిలబడలేకపోయింది.

ధర విషయం. లియాన్‌లో తమ్ముడు మోర్గోన్‌కు ఇచ్చింది పదిహేను యూరోలు. ఆ ధరకు ఇది అన్నివిధాలా విలువైన సీసా. చిత్తూరులో, తిరుపతిలో అడిగి చూశాను, దొరకలేదు. వైన్స్ అని బోర్డు పెట్టిన చోట వైన్ అడిగితే తియ్యటి పోర్టు రకం చేతిలో పెడతారు. బెంగళూరులో పెద్ద దుకాణాల్లో ఫ్రెంచ్ వైన్లు ఉంటాయి గాని సుంకాలు, పన్నులు కలిసేసరికి ధర పారిస్ వాడు కూడా నోరు తెరిచేలా ఉంటుంది. అంత పెట్టి ఇక్కడ కొనమని నేను చెప్పను. నంది కొండల ద్రాక్ష తోటల రెడ్ వైన్లు మనకు దగ్గరే. వాటిలో కాబెర్నే, షిరాజ్ అనే ద్రాక్షలు కలిపి చేసినవి వగరు ఎక్కువ కనుక కారం తక్కువున్న మాంసానికి పనికొస్తాయి, మోర్గోన్ చేసే పని అవి చేయవు.

తమ్ముడికి వచ్చే ఏటి సెలవు గురించి ఇప్పుడే చెప్పి ఉంచాను. సంతలో అనపకాయలు ఉన్నప్పుడే రావాలి, రెండు సీసాలూ మోర్గోనే కావాలి. మావారికి బ్రూయీ తగ్గుతుందని ఎవరూ బాధపడనక్కరలేదు, ఆయన విస్కీ ఆయనకు ఉంది.